ఆయా పక్కన చోటు

“ముక్కులు మూసుకోవద్దు. ఇక్కడ పనిచేసేవాళ్లు మూసుకుంటున్నారా?”

టీచర్ గొంతు వినగానే చేతులన్నీ కిందికి దిగాయి. రెండు జడల పిల్ల చెయ్యి మాత్రం ముక్కు మీదే ఉండిపోయింది.

“నీకు వేరే చెప్పాలా?”

పిల్ల చెయ్యి దించింది. మెల్లగా వెనక్కి జరిగి, బడి ఆయా పక్కకు చేరి, ఆమె కొంగులో ముఖం దాచుకుంది.

పొద్దున బస్సెక్కినప్పటినుంచీ ఇదే వరస. టీచర్ తన పక్క సీటు మీద సంచి తీసేసి మరీ ఖాళీ చేసింది. పిల్ల ఆ సీటు వంక చూసింది, ఆమె వంక చూసింది, వెళ్లి వెనక సీట్లో ఆయా పక్కన ఇరుక్కుంది. ఇక దారంతా ఇద్దరూ ఒకటే గుసగుసలు, ఒకటే నవ్వులు. అంత నవ్వొచ్చే సంగతులు ఆయా దగ్గర ఏముంటాయో!

చెత్త వేరుచేసే షెడ్డులో పెద్ద బెల్టు కదులుతోంది. దానికి అటూ ఇటూ నిలబడ్డవాళ్లు సీసాలను ఒక బుట్టలోకి, అట్టముక్కలను ఇంకో బుట్టలోకి విసురుతున్నారు. అవన్నీ చూపిస్తున్న అమ్మాయి పిల్లల వైపు తిరిగింది.

“తడి చెత్తా పొడి చెత్తా కలిపేస్తే ఏమవుతుందో చెప్పండి?”

అందరికంటే ముందు రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. టీచర్ వెనక వరసలో ఉన్న ఇంకొకణ్ణి లేపింది.

“ముందు ఎత్తింది ఇది కదండీ, టీచర్‌గారూ,” అంది ఆయా.

“నాకు అందరూ ఒకటే.”

ఆ మాట మీదే ఆమె ఇన్నేళ్లూ ఈ బడిలో తలెత్తుకు తిరిగింది. ఫలానా పిల్లను వెనకేసుకొచ్చిందని ఎవరిచేతా అనిపించుకోలేదు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నారు. పిల్ల తన డబ్బా పట్టుకుని టీచర్ ముందుకొచ్చి నిలబడింది.

“కొంచెం తీసుకోరా, టీచర్?”

ఎదురుగా పిల్లలంతా చూస్తున్నారు.

“పిల్లల దగ్గర టీచర్లు తీసుకోకూడదు. వెళ్లి కూర్చుని తిను.”

పిల్ల వెళ్లింది. ఆ ముద్ద ఆయా నోట్లోకి పోయింది. టీచర్ సగం తిన్న తన డబ్బాకు మూత బిగించేసింది.

తర్వాత తడి చెత్త కుళ్లబెట్టి ఎరువు చేసే గుట్టల దగ్గరకు వెళ్లారు. వేడి ఆవిరి ఒక్కసారి ముఖాన కొట్టేసరికి పిల్ల భళ్లున కక్కేసింది. టీచర్ చేతిరుమాలు తీసి రెండంగలు వేసిందో లేదో, ఆయా అప్పటికే పిల్ల నుదురు పట్టుకుని, వీపు నిమురుతూ, మూతి తుడుస్తోంది.

“మీ అమ్మా ఈవిడ?” అని పిల్లను అడిగింది షెడ్డు చూపిస్తున్న అమ్మాయి.

పిల్లలంతా గొల్లుమన్నారు. “కాదు, మా బడి ఆయా!”

ఒకడు ఇంకేదో చెప్పబోయి, టీచర్ చూపు చూసి నోరు మూసుకున్నాడు. ఆమె రుమాలు మడిచి సంచిలో కుక్కుకుంది.

బస్సెక్కేటప్పుడు ఆయా ఆమె పక్కగా వచ్చి గొంతు తగ్గించింది. “ఒక్కసారి దగ్గరికి తీసుకోకూడదూ? పొద్దుటినుంచీ మీ వంకే చూస్తోంది, పాపం.”

“నా వంకా? నీ ఒళ్లోంచి దిగితే కదా!”

“నేను కాదనలేదు గనక ఎక్కింది.”

తిరుగుదారిలో పిల్ల ఆయా ఒళ్లో తలపెట్టుకుని నిద్రపోయింది. టీచర్ ఏదో వంకన వెనక్కి తిరిగి తిరిగి చూసింది. ఊడిన జడ రిబ్బను కూడా ఆయాయే కట్టింది.

బడి దగ్గర తల్లులూ తండ్రులూ కాచుకుని ఉన్నారు. ఎవరి పిల్లల్ని వాళ్లు లాక్కుపోయారు. రెండు జడల పిల్ల కోసం మాత్రం ఎవరూ రాలేదు. పిల్ల ఆయా వేలు పట్టుకుని గేటు లోపలే నిలబడింది.

“నేనుండనా, టీచర్‌గారూ?”

“అక్కర్లేదు. నేను చూసుకుంటాను.”

ఆయా వేలు విడిపించుకుని, పిల్ల బుగ్గ గిల్లి వెళ్లిపోయింది. పిల్ల ఆమె మలుపు తిరిగేదాకా చెయ్యూపుతూనే ఉంది. ఆ ఊగే చెయ్యిని చూస్తే టీచర్‌కు ఒళ్లు మండింది. బయటికి నడిచింది. పిల్ల వెనకే వచ్చింది.

గేటు దాటాక వీధికి అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్లెవరూ లేరని రూఢి చేసుకుని, మెల్లగా అడిగింది.

“ఇప్పుడు అమ్మా అనొచ్చా?”