నాలుగో అంతస్తు కుండీలు

తప్పు రామ్మోహనరావుదే. తలకి తువ్వాలు చుట్టుకుని మట్టిలో కూర్చున్న మనిషిని తోటమాలి అనుకున్నాడు.

గోపన్‌పల్లిలో ఆ అపార్టుమెంటుకి వచ్చి అప్పటికి వారం. కొడుకు అవినాష్, కోడలు ఆమని తొమ్మిదింటికల్లా ఆఫీసులకి వెళ్ళిపోతారు. ఇక చీకటి పడేదాకా ఇంట్లో ఆయనా, ఫ్రిజ్జు చప్పుడూ.

ఆ పొద్దున కింద గన్నేరు మొక్క దగ్గర ఓ ముసలాయన మట్టి గుల్ల చేస్తున్నాడు.

"ఇదిగో పెద్దాయనా! నాలుగో అంతస్తులో మా కుండీలు కూడా కాస్త చూస్తావా?"

ముసలాయన తలెత్తి చూసి నవ్వాడు.

"చూస్త సార్. నాకేం పనుంది గనక!"

పేరు బాలనర్సయ్య అన్నాడు. పనయ్యాక డబ్బులిస్తే తీసుకోలేదు.

"చాయ్ పొయ్యిండ్రి, చాలు."

మర్నాడు పదింటికి బెల్లు మోగింది. ఆ మర్నాడూ మోగింది. నాలుగు కుండీలకి రోజూ ఏం పనుంటుంది చెప్పండి! నీళ్ళు పోయడం రెండు నిమిషాలు, కబుర్లు రెండు గంటలు.

"గీ జాగల జొన్న పండేది సార్. మా ఇంట్ల నలభై మందిమి. ఒక్కటే పొయ్యి."

"నలభై మందా! కోతలు కొయ్యకు."

"కోతలేంది సార్! తమ్ముళ్ళు, మరదండ్లు, పిల్లలు, జీతగాళ్ళు. అందరు తిన్నంక ఆఖరుకు నేను తినేటోణ్ణి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఎవరి పొయ్యి వాళ్ళదే సార్. నాకు ఏ పూటకాపూట బువ్వ డబ్బాల వస్తది."

రామ్మోహనరావు తన గొప్ప తను చెప్పుకున్నాడు.

"మా ఆవిడ పోయాక మూడేళ్ళు తెనాలిలో ఒక్కణ్ణే ఉన్నానయ్యా. ఈ ఉగాదికి మావాడు ఉన్నట్టుండి ఫోన్ చేశాడు. వచ్చెయ్యండి నాన్నా, మాతోనే ఉందురుగానీ అన్నాడు. కొడుకంటే వాడు!"

"మంచిగైంది సార్. ఇంట్ల ముసలోడుంటేనే ఇల్లు," అన్నాడు బాలనర్సయ్య, టీ ఊదుకుంటూ.

ఓరోజు వంటింట్లో కొళాయి కారుతుంటే బాలనర్సయ్యే లేచి వెళ్ళి బిగించేశాడు.

"చొరవ ఎక్కువేనయ్యా నీకు. నీ ఇల్లనుకున్నావా ఏంటి?"

బాలనర్సయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. అంత నవ్వాల్సిందేముందో రామ్మోహనరావుకి అర్థం కాలేదు.

రోజూ రెండు టీ గ్లాసులుండడం చివరికి అవినాష్ కంటబడింది.

"ఎవరొస్తున్నారు నాన్నా?"

"మాలీరా, కుండీలకి..."

"మన మాలీ ఆడమనిషి నాన్నా!"

రామ్మోహనరావు గ్లాసులు తీసి సింకులో పెట్టాడు.

"ఎవరిని పడితే వాళ్ళని రానివ్వకండి. ఏదన్నా అయితే ఓనరు ఖాళీ చెయ్యమంటాడు. అప్పుడు మిమ్మల్నెక్కడ పెట్టుకోను?"

అవినాష్ మామూలుగానే అన్నాడు. కానీ ఆ రాత్రంతా రామ్మోహనరావు కళ్ళముందు తెనాలిలో తాళం వేసొచ్చిన గదే కనిపించింది. అమ్మో, మళ్ళీ అక్కడికా!

ఆ సోమవారమే గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు మారారు. పాతవాళ్ళు బాలనర్సయ్యకి నమస్తే పెట్టి వదిలేసేవాళ్ళు. ఎవరొచ్చినా, ఫ్లాటువాళ్ళు ఫోన్లో ఒప్పుకుంటేనే కొత్తవాళ్ళు గేటు తీసేది.

పదింటికి ఆఫీసునుంచి అవినాష్ ఫోన్ చేశాడు.

"నాన్నా, గేటు దగ్గర ఎవరో బాలనర్సయ్యట. మనింటికే అంటున్నాడట. మీకు తెలుసా?"

స్టవ్ మీద టీ మరుగుతోంది. ఇద్దరికి సరిపడా పెట్టాడు.

"నాన్నా, మీటింగులో ఉన్నాను. తెలుసా, తెలీదా?"

"తెలీదురా," అన్నాడు రామ్మోహనరావు.

బాల్కనీలోకి వెళ్ళి చూశాడు. గార్డు చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.  బాలనర్సయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఒకసారి నాలుగో అంతస్తుకేసి చూశాడు.

రామ్మోహనరావు ఆరేసిన దుప్పటి చాటుకి తప్పుకున్నాడు. తన మీద తనకే అసహ్యమేసింది.

మళ్ళీ బెల్లు మోగలేదు. కుండీలకి తనే నీళ్ళు పోశాడు. వాకబు చేద్దామంటే ఇల్లెక్కడో, వీధేదో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

మూడు వారాల తర్వాత అవినాష్ అన్నాడు.

"నాన్నా, మన ఓనరు శ్యామ్‌గారి నాన్న పోయారట. రేపు దినాలు. నాకు ఆఫీసుంది, మీరు వెళ్ళొస్తారా?"

వెళ్ళాడు. వెనక గేటుకి నాలుగడుగుల దూరంలో మూడంతస్తుల ఇల్లు. గుమ్మం పక్కన కుర్చీలో ఫొటో, ఫొటోకి బంతిపూల దండ. తలకి అదే తువ్వాలు.

రామ్మోహనరావు చేతులు జోడించడం కూడా మర్చిపోయాడు.

"నలభై మందిని ఒక్క పొయ్యి మీద సాకిండు మా అన్న," అని చెల్లెలు చంద్రమ్మ ఏడుస్తోంది. "ఆఖరుకు పలకరించే దిక్కు లేకపాయె."

శ్యామ్ కుర్చీ తెచ్చి వేశాడు.

"మీరు నాలుగో అంతస్తు సార్ కదా? నాయన మీ ముచ్చటే చెప్పేటోడు. ఓనర్నని చెప్తే నాతోని కలిసి చాయ్ తాగడు, చెప్పకుండ్రి అన్నడు."

రామ్మోహనరావు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మాకేమో తీరదు సార్. ఇంట్ల మాట్లాడేటోళ్ళు లేక పరేషాన్ అయితుండె. గా ఫ్లాట్ కిరాయికి ఎనిమిది మంది అడిగిండ్రు. ఎవరికీ ఇయ్యలే. ఇంట్ల నా ఈడు మనిషి ఉండాలె, ఉన్నోళ్ళకే తాళంచెవి ఇయ్యిండ్రి అని ఒకటే పట్టు. ఉగాది ముందల మీ అవినాష్ సార్ వచ్చి, మా నాన్న మాతోనే ఉంటడు అన్నంకనే ఇచ్చినం."

ఉగాది ముందు.

మూడేళ్ళూ పిలవని కొడుకు ఉన్నట్టుండి ఎందుకు పిలిచాడో రామ్మోహనరావుకి అప్పుడు తెలిసింది. తనని కొడుకింటికి చేర్చినవాడు, గేటు దగ్గరకొస్తే తను తెలీదన్న ఆ మనిషే.