ఖాళీ పెట్టె బరువు

పరాయి దేశంలో ఉద్యోగం ఖాయమైనప్పటినుంచీ భర్తది గోడమీద పిల్లివాటమే. పొద్దున్నే వెళ్తానంటాడు, చీకటిపడితే ఉండిపోతానంటాడు. అన్నప్పుడల్లా పెట్టె సర్దేదీ విప్పేదీ ఆమే. సర్దిన పెట్టె పట్టుకుని బరువు మిషన్ ఎక్కి, వచ్చిన అంకెలోంచి తన డెబ్బై రెండు కిలోలూ తీసేయడం ఒక్కటే అతగాడి పని.

"ఏదో ఒకటి తేల్చి చావండి! మళ్లీ సర్దమంటే నా వల్ల కాదు," అందామె ఆ రాత్రి.

"ఒట్టే. ఇంక వెళ్లను," అంటూ అతను గదిలోకెళ్లి పడుకున్నాడు.

గొణుక్కుంటూ ఆమె ఆఖరి చొక్కా వరకూ తీసేసింది. ఖాళీ పెట్టెను అటకెక్కిద్దామంటే అది నేల వదల్లేదు. లోపల చెయ్యిపెట్టి మూలమూలా తడిమింది. ఏమీ లేదు. ఒళ్లు మండి, దాన్ని ఈడ్చుకెళ్లి మిషన్ మీదికి తోసింది.

డెబ్బై రెండు.

"ఈ మిషన్‌కీ మీ తిక్కే పట్టినట్టుంది!" అని అరిచింది.

"రేపు చూద్దాంలే. వచ్చి పడుకో," అన్నాడతను లోపల్నుంచి.

ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. అతను పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. దిండు విసిరినా కిర్రుమనే మంచం, ఈసారి కిమ్మనలేదు.