మెలాతి ఏడవదు

"మెలాతి ఏడవడం ఎవరూ నమ్మరక్కా," అంది ఫోనులో ఎడిటర్ యూలియా. "మొగుడికి విషం పెట్టిన మనిషి మరుక్షణం నేలమీద పడి వెక్కివెక్కి ఏడుస్తుందా?"

"పోయినసారి నవ్వించాను. పిచ్చిదానిలా ఉందన్నావు," అంది రెత్నో.

"ఉంది మరి. దాన్ని చూస్తే నాకు భయం వెయ్యాలి. అన్నం తిన్నావా తల్లీ అని అడగాలని కూడా అనిపించాలి. సాయంత్రం ఆరింటికల్లా అలాంటి అధ్యాయం రాకపోతే సీరియల్ ఇక్కడితో ఆపెయ్యమంటున్నారు పైవాళ్లు. నేనింక అడ్డుపడలేను."

ఫోను పెట్టేసేసరికి మూడయింది. రెత్నో వంటింటి బల్ల ముందు తల పట్టుకుని కూర్చుంది. రెండేళ్లుగా సోలో అనే ఆ పట్టణంలో ఆడవాళ్లు బస్సుల్లో, బజారుల్లో ఫోన్లు తెరిచి చదువుకుంటున్న మెలాతి ఈ సాయంత్రంతో పోయేలా ఉంది.

బల్లకు అటువైపు ఆమె అత్తగారు సుమియాతి వేయించడానికి సోయాగింజల టెంపే ముక్కలు కోస్తోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఏ అధ్యాయమైనా ముందు తనకే చదివి వినిపించాలి, లేకపోతే అలుగుతుంది.

"ఏమంటుంది ఆ పిల్ల?"

"మెలాతిలో ప్రాణం లేదంటుంది. చంపి ఏడవకపోతే రాక్షసి అంటారు. ఏడిస్తే నటన అంటారు. మరేం చెయ్యాలత్తయ్యా అది?"

సుమియాతి కత్తి ఆపలేదు. "వాన వచ్చేలా ఉంటే ఆరేసిన బట్టలు తీస్తుంది."

రెత్నోకు నవ్వొచ్చింది. "నేను నిజంగా అడుగుతున్నాను."

"నేనూ నిజంగానే చెప్తున్నా. బట్టలు తీసి మడతలు పెడుతుంది. గ్లాసు కడిగి బోర్లిస్తుంది. చెయ్యి వణకదు. ఆకలి మాత్రం బాగా వేస్తుంది. మళ్లీ మళ్లీ అన్నం పెట్టుకుని తింటుంది. తింటూ ఉంటే గోడగడియారం చప్పుడు కొత్తగా వినిపిస్తుంది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడుందని?"

రెత్నో మెల్లగా కాగితం దగ్గరకు లాక్కుంది. "బాధే ఉండదా?"

"ఎవరికోసం చేసిందో దాన్నిబట్టి ఉంటుంది. నీ మెలాతి ఎవరికోసం చేసింది?"

"తనకోసమే. వాడు కొడుతున్నాడు కదా."

"అక్కడే వచ్చింది తంటా. తనకోసమే చేసుకుంటే ఏడవనన్నా ఏడుస్తుంది, నవ్వనన్నా నవ్వుతుంది. ఇంకొకరి ఒంటిమీద దెబ్బలు చూడలేక చేసిందనుకో, కుదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతుంది. అది పాపమా పుణ్యమా అని ఆలోచించదు. ఇంటి పనుల్లో అదీ ఒకటి. ఎవరో ఒకరు చెయ్యాలి, తను చేసింది."

"అలాంటి మనిషికి ప్రేమ ఉంటుందా?"

"బోలెడు. ఆ దెబ్బలు తిన్న పిల్లకి చేపలో ముళ్లన్నీ తనే తీసి పెడుతుంది. జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటుంది. ఆ పిల్లకి మొదట్లో ఆ చేతుల్ని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత అవి తల నిమరకపోతే నిద్రపట్టదు."

రెత్నో కలం అందుకుంది. ఆ అధ్యాయంలోంచి మెలాతి మొగుణ్ణి మొత్తం కొట్టేసింది. ఇప్పుడు విషం తాగేవాడు మెలాతి తమ్ముడు. వాడు చెయ్యి విరగ్గొట్టిన పెళ్లాం కోసం మెలాతి గ్లాసు నింపింది. ఆ తర్వాత కూర్చుని అన్నం తింది. ఆరింటికి పది నిమిషాలుందనగా రెత్నో అధ్యాయం పంపించింది.

కాసేపటికే ఫోను మోగింది. యూలియా చేసింది.

"అక్కా, మెలాతి ముళ్లు తీసిన చేప ఆ మరదలు తినేచోట ఏడ్చేశాను. హంతకురాలక్కా అది. అయినా దాని ఒళ్లో తలపెట్టుకు పడుకోవాలనిపించింది. సీరియల్ ఆపడం లేదు. ఇంకో యాభై అధ్యాయాలు కావాలట. అది సరే, ఇదంతా నీకెలా తెలిసింది?"

రెత్నో ఫోను బల్లమీద పడేసి, వెళ్లి పొయ్యి దగ్గరున్న అత్తగారిని వెనకనుంచి కావలించుకుంది. "మెలాతి బతికింది. బతికించింది మీరే."

సుమియాతి మురిసిపోయింది. అప్పుడు యూలియా అడిగిన చివరి మాట రెత్నోకు మళ్లీ వినపడినట్టయింది. చేతులు వాటంతటవే వదులయ్యాయి. తను ఎన్నడూ చూడని మామగారు ముప్ఫయ్యో ఏట ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడని ఆ ఇంట్లో చెప్పుకుంటారు.

"అత్తయ్యా," అంది. "మావయ్యకు... మీరేనా?"

"పిచ్చిదానా. నాకంత ధైర్యం ఎక్కడిది? ఆ వేళ నేను ఆయన కొట్టిన దెబ్బలకు లేవలేక పక్కగదిలో పడి ఉన్నాను. తలుపు సందులోంచి అంతా చూశాను."

"మరి ఎవరు?"

"మా అత్తగారు. ఆయన ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికింది. నన్ను ఒక్కపూట కూడా పస్తు ఉండనివ్వలేదు."

రెత్నో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంతలో వాకిట్లో మోటార్‌సైకిల్ ఆగింది. రెత్నో భర్త ప్రసెత్యో తను పాఠాలు చెప్పే బడినుంచి వచ్చాడు. వానకు తడిసిన చొక్కా దులుపుకుంటూ, "ఆకలేస్తోందమ్మా, ఏం వేయిస్తున్నావ్?" అని అక్కడినుంచే అడిగాడు.

సుమియాతి కొడుకువైపు ముద్దుగా చూసింది. తర్వాత కోడలి బుగ్గమీద చెయ్యేసి గొంతు తగ్గించింది.

"వాడు నీమీద ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా?"

"లేదు. లేదత్తయ్యా. ఆయన బంగారం."

"మంచిది. ఎప్పుడైనా చేసుకుంటే లోపల దాచుకోకు, నాకు చెప్పు. మన ఇంట్లో అది అత్తగారు చూసుకునే పని."