నాటు నెత్తురు

"ఇంకా ఏం ఎతుకుతాండావప్పా? గిట్టలు చూస్తివి, పండ్లు చూస్తివి. మా నందిగానికి పెండ్లిచూపులా?"

ప్రేమయ్య వేళాకోళం ఉరుకుందప్ప చెవికెక్కలేదు. వంగి మగగుర్రం మోకాళ్ళు తడుముతూనే ఉన్నాడు.

"బెంగుళూరు నెత్తురేమన్నా కలిసుండాదేమోనని."

అతని ఆత్రం అతనిది. పక్కనే కట్టేసిన ఆడగుర్రం చెంచి ఎద నేడో రేపో పోతుంది. వయసు మీద పడింది, మళ్ళీ చూలు నిలుస్తుందన్న నమ్మకం లేదు. ఊళ్ళో రెడ్డిగారు బెంగుళూరు నుంచి ఎత్తైన మగగుర్రాన్ని తెచ్చింది మొదలు అందరూ తమ గుర్రాలను దానికే దాటించారు. పుట్టిన పిల్లలు చూడ్డానికి బంగారమే. కానీ ఉలవలు లేనిదే అడుగు వేయవు, రాళ్ళదారిలో కుంటుతాయి. జొన్నచొప్ప నమిలి గుట్టలెక్కే నాటుజాతి చెంచితోనే అంతమైపోతుందని ఉరుకుందప్ప బెంగ.

జాతి దగ్గర అతనికి మహా పట్టింపు. చెంచి పిల్లల్లో అమ్మే ప్రతిదానికీ కుడిచెవి కొస కోసేవాడు, తన ఇంటి నెత్తురునే సంతలో తెలియక మళ్ళీ కొనకుండా. సొంత నెత్తురు కలిస్తే జాతి పుచ్చిపోతుందని వాళ్ళ నాయన మాట. మహానందిలో జట్కా తోలే ప్రేమయ్య దగ్గర నాటు మగగుర్రం ఉందని తెలిసి, చెంచిని నడిపించుకుంటూ వచ్చాడు.

నందిగాడు యాత్రికుల కోసం ముస్తాబై ఉంది. మెడలో గంటలు, చెవులను కప్పేసిన ఎర్ర కుళ్ళాయి, దానికి జరీ కుచ్చులు.

"యాడ కొన్నావు?"

"గంజికేంద్రాలు పెట్టిన కరువేడాది, వేంపల్లె సంతలో. అప్పుడిది పిల్ల. అమ్మినాయన కూడా ఇంకెవరి దగ్గరో కొన్న్యాడంట."

"నాటుదేనంటావా?"

"ఇంతకన్నా నాటుది కావల్లంటే మట్టితో చేసుకోవల్ల!"

ఉరుకుందప్ప భయపడుతూనే చెంచిని విప్పాడు. కొత్త మగగుర్రం దగ్గరికొస్తే పండ్లు రాలేట్టు తన్నే రకం అది. నందిగాడు సకిలించింది. చెంచి చెవులు నిక్కించి వింది. నేరుగా వెళ్ళి దాని మెడ నాకడం మొదలుపెట్టింది.

"చూడప్పా! ఏనాటి రుణానుబంధమో!" ప్రేమయ్య చప్పట్లు కొట్టాడు.

"నేనెప్పుడూ ఇట్ల చూడలేదన్నా. ఆ మహానందీశ్వరుడే కలిపినాడు."

పని అయింది. ఉరుకుందప్ప తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళకు ఊపిరి ఆడినట్టుంది.

"మా చెంచి వంశం నిలబెట్టినావు ప్రేమయ్యన్నా. ఈసారి పుట్టే పిల్లను మాత్రం ప్రాణం పోయినా అమ్మను."

"శానా మంచిదప్పా. పాపం, వీడు చెమటతో తడిసినాడు. నీళ్ళు పోస్తా ఉండు," అంటూ ప్రేమయ్య నందిగాని కుళ్ళాయి ఊడదీశాడు.

కుడిచెవికి కొస లేదు.