సంచి మీద కన్ను

ఆమె షాపులో అడుగుపెట్టగానే రాజేందర్ కన్ను ఆమె భుజానికున్న సంచి మీద పడింది.

పడక చస్తుందా! పదిహేను రోజుల కిందటే కౌంటర్ మీది స్పీకరు మాయమైంది. "ఇంకొక్క వస్తువు పోయిందంటే షాపుకు తాళమేసి ఇంట్ల కూసో" అని భార్య హరిత తెగేసి చెప్పింది. మానుకోట స్టేషన్ రోడ్డులో పాత టీవీలు, ఫోన్లు కొని అమ్మే చిన్న షాపు అది. అది తప్ప ఆయనకు వేరే బతుకుతెరువు లేదు.

"ఏం కావాలె?"

"ప్రొజెక్టర్ సేటూ. చేతుల పట్టుకపోయేది."

రాజేందర్ ఆమెను ఎగాదిగా చూశాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కాళ్ల నిండా దుమ్ము. వస్తూ వస్తూ ఫోన్లో ఎవరితోనో లంబాడీలో మాట్లాడింది. అంతే, ఆయన కౌంటర్ దాటి ఇవతలికొచ్చి నిలబడ్డాడు.

"ఎవలకు?"

"మా తండకే. దంతాలపల్లి దగ్గర. నా పేరు రుక్కి. ఐతారం ఐతారం పొద్దుగూకినంక బడి గోడ మీద సినిమా ఏసుకుంటం. పోరగాండ్లు, ముసలోళ్లు, అందరం."

"ఇంతకుముందు గూడ ఏసుకున్నరా?"

"ఉగాది దాక ఏసుకున్నం. అటెన్క మా మిషిను పోయింది."

ఆ సోది రాజేందర్ చెవికెక్కలేదు. సంచి జిప్పు సగం తెరిచి ఉంది. ఆయన అదే చూస్తున్నాడు.

మొదట కొత్తది తీశాడు. "డబ్బ మీద చూడు, తొమ్మిది వేల ల్యూమెన్ల వెలుగు. పట్టపగలు గూడ కనపడతది."

"డబ్బ మీద ఎన్నైనా రాస్తరు సేటూ. కరెంటు లేకుంటె ఆడుతదా?"

"ఆడదు."

"మరి బయట ఎట్ల?"

రెండోదానికి బ్యాటరీ ఉంది. గంట ఆడుతుందన్నాడు. "సగం సినిమాకే బందయితె ముసలోళ్లు నన్ను తిట్టి పోస్తరు" అని నవ్వింది రుక్కి.

ఈమెకు ఇన్ని సంగతులెట్లా తెలుసు? రాజేందర్ అనుమానం రెట్టింపైంది. దొంగతనానికొచ్చేవాళ్లు ఇట్లాగే మాటల్లో పెడతారు. స్పీకరు పోయిన రోజున కూడా ఒకామె వంద ప్రశ్నలు వేసినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది. నిజంగా వేసిందో లేదో దేవుడికే ఎరుక.

"ఆ మూలకున్నది చూపియ్" అంది రుక్కి.

అది పాతది. డబ్బా లేదు, బిల్లు లేదు. ఎవరో అమ్మిపోతే కొన్నాడు. బిల్లు అడిగే అలవాటు ఆయనకు మొదటి నుంచీ లేదు.

"గది నీకెందుకు? మొత్తం గీతలు పడ్డది."

"జర చూడనియ్యి."

ఆమె దాన్ని తిరగేసింది. అడుగున ఒక కాలు ఊడిపోయి, దాని జాగాలో నీలం చెప్పు ముక్క అతికించి ఉంది.

"ఎవడో పిసినారోడు" అని రాజేందర్ నవ్వాడు.

"మంచిగనే అతికిచ్చిండు" అంది ఆమె. ఈసారి నవ్వలేదు.

పైనున్న బటన్ నొక్కితే బొమ్మ మసకగా వచ్చింది. రాజేందర్ చెయ్యి పెట్టేలోపే ఆమె పక్కనున్న చక్రం తిప్పింది. బొమ్మ కుదిరింది.

"బ్యాటరీ రెండున్నర గంటలు వస్తది" అంటూ ఆయన ఆర్పేశాడు.

"వస్తది" అంది రుక్కి.

తర్వాత ఫోన్ తీసి లంబాడీలో రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది. అయితే బయట తోడు దొంగ కూడా ఉన్నాడన్నమాట! రాజేందర్ గబుక్కున వీధి వైపు చూశాడు. తిరిగి చూసేసరికి ఆమె చెయ్యి సంచిలో ఉంది.

"దీని రిమోట్ ఏది సేటూ?"

"దీనికి రిమోట్ లేదు. ఎన్నడో పోయింది. ముందుగాల సంచిలకెల్లి చెయ్యి తియ్!"

"ఎందుకు?"

"ఎందుకా? అండ్ల ఏం ఏసుకున్నవో అన్నీ బయట పెట్టు. మర్యాదగ పెట్టు, లేకుంటె పోలీసోళ్లను పిలుస్త!"

ఆ అరుపులకు పక్క షాపుల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రుక్కి మొహం అవమానంతో కందిపోయింది.

"పిలువు సేటూ" అంది.

ఒక్కొక్కటే తీసి కౌంటర్ మీద పెట్టింది. నీళ్ల సీసా. రొట్టెల డబ్బా. బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు. చివరగా చిన్న నల్ల రిమోట్.

"దొరికినవ్!" రాజేందర్ గంతేశాడు. "చూసిన్రా అన్నా, అందరు చూసిన్రా! నా షాపుల రిమోట్ ఈమె సంచిలకు ఎట్ల పోయింది?"

రుక్కి ఆ రిమోట్‌ను పాత ప్రొజెక్టర్ వైపు తిప్పి నొక్కింది. గోడంతా వెలిగిపోయింది.