ఎలొయీనా పేరున ఒక వాల్ట్జ్

మా మెరిదా ఊళ్లో ఎవరి పేరున వాల్ట్జ్ బాణీ కడితే వాళ్లే దాన్ని మొదట వినాలి. అయ్యేదాకా కుర్చీలోంచి లేవకూడదు.

అన్సెల్మో మాస్టారు కట్టిన పాతిక వాల్ట్జులకూ పరాయి ఆడవాళ్ల పేర్లే. పక్షవాతంతో కుడిపక్కంతా పడిపోయిన ఏడాదికి, ఇప్పుడు భార్య పేరున ఒకటి కట్టారు. ఆయన కూనిరాగం తీస్తుంటే, ఆయన దగ్గర గిటారు నేర్చుకునే నేను రాసుకున్నాను. వాయించాల్సిందీ నేనే.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చానా? పెనం మీద అరేపా రొట్టెలున్నాయి. మీ దుప్పట్లు ఉతకాలి," అంది ఎలొయీనా.

"పొయ్యి ఆపి వచ్చి కూర్చోవే. రెండు నిమిషాల ముక్క."

ఆమె విసుక్కుంటూనే కూర్చుంది. సగానికి వచ్చేసరికి తల వాల్చి నిద్రపోయింది. చేతిలో అట్లకాడ అలాగే ఉంది. మాస్టారి మొహం చూడలేక వాయించడం ఆపేశాను.

"లేపనా మాస్టారూ? తన వాల్ట్జ్ తనే వినకపోతే ఎలా?"

"నోరు మూసుకుని వాయించు," అన్నారాయన గుసగుసగా. "రాత్రంతా నన్ను అటూ ఇటూ తిప్పి పడుకోబెడుతూ కునుకైనా తియ్యదు. ఊరికే కూర్చోమంటే కూర్చుంటుందా? అందుకే కట్టాను. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకో. ఇంకా మెల్లగా."