తెల్ల గ్లౌజులు

“ఆపమ్మా గా పాట!”

చొక్కారావు కేకకు డాన్స్ టీచర్ నవీన ఉలిక్కిపడి ఫోన్‌లో పాట ఆపింది. అంతదాకా హుషారుగా మోగిన ఫిడేలు, అకార్డియన్ నోరు మూసుకున్నాయి. బడి ఆవరణలో ఎదురెదురుగా రెండు వరుసలు కట్టిన పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. శ్రేయ చెయ్యి సంపత్ చేతిలో ఉంది. శ్రేయ, బడి కమిటీ పెద్ద చొక్కారావుకు మనవరాలు. సంపత్ దళితవాడ పిల్లవాడు.

“స్కూల్ డే నాడు అందరి ముంగట మా పిల్ల గా పోరని చెయ్యి పట్టుకుంటదా? వాణ్ని తీసెయ్.”

“ఎట్ల తీసేస్త సార్? ఇది స్కాట్లాండోళ్ల డాన్స్. ముందున్న జంట కిందికి దిగుకుంట, వరుసల ఉన్న అందరి చేతులు పట్టుకొని తిరగాలె. ఒక్క చెయ్యి వదిలితే అడుగులన్నీ చెడ్తయి.”

“అక్కడ చెల్లుతదేమో. ఇది కరీంనగర్.”

“సంపత్ లేకుంటే డాన్సే లేదు సార్.”

అనేసింది గానీ నవీనకు భయమేసింది. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు మరి.

చొక్కారావు అరవలేదు. పైగా నవ్వాడు.

“ధైర్యం ఉన్నదానివే. మీదే ఊరమ్మా?”

“ఖానాపూర్ సార్.”

“ఎవరి బిడ్డవు?”

“నాగయ్య బిడ్డను.”

“ఏ నాగయ్య?” అని తనలో తనే గొణుక్కున్నాడు. “సరే, ఓ పని చేద్దాం. తెల్లదొరల డాన్స్ గదా, చేతులకు తెల్ల గ్లౌజులు తొడిగిద్దాం. జోర్దార్ ఉంటది. నేనే తెప్పిస్త, ఫికర్ చెయ్యకు.”

గ్లౌజులెందుకో నవీనకు తెలియక కాదు. ఒళ్లు మండింది. కానీ అందరి చేతులకూ ఉంటే అవి ఎవరి కోసమో ఎవరికి తెలుస్తుంది? సంపత్ డాన్స్‌లో ఉంటాడు, తన ఉద్యోగమూ ఉంటుంది. “మంచిది సార్” అంది. తన లౌక్యాన్ని తానే మెచ్చుకుంది కూడా. తల వంచిన ప్రతిసారీ మనం చేసే పనే అది.

“మనకు గ్లౌజులొస్తున్నయంట!” అని సంపత్ బడంతా చాటాడు. తిరిగే దగ్గర శ్రేయకు అడుగు కుదరడం లేదు. నవీన రోజూ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకొని గిరగిరా తిప్పి నేర్పింది.

తర్వాతి రిహార్సల్‌కు చొక్కారావే ప్యాకెట్ తెచ్చి నవీన ముందు పెట్టాడు. పిల్లలు చుట్టూ మూగారు. విప్పి చూస్తే రెండే జతలు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

“మిగతా పిల్లలయి ఏవి సార్?”

“వాళ్లకెందుకమ్మా? చిన్నయి గా పోరనికి.”

“మరి ఇవి?”

“ఏ నాగయ్యనో ఖానాపూర్‌ల మనోళ్లను అడిగి తెలుసుకున్న” అన్నాడు చొక్కారావు, అదే నవ్వుతో. “మా శ్రేయ చెయ్యి పట్టి నేర్పేది నువ్వే గదా. పెద్దయి నీకు.”